తాబేలును సముద్రంలోకి తోసేస్తే సరిపోతుందా?

కుటుంబ జ్ఞానోపదేశం
చదువవలసిన సువార్త భాగం: లూకా 10:29–37



సంక్రాంతి దాటిన తరువాత ఒక ఆదివారం. ఉదయపు పూజ ముగించుకొని, పిల్లల మాట కాదనలేక మీరు సముద్రపు ఒడ్డుకు వెళ్ళారనుకోండి. అలలు వచ్చి తాకే చోట, నురుగు మధ్య ఒక పెద్ద తాబేలు పడి ఉంది. బూడిదరంగులో ఆకుపచ్చ కలిసిన చిప్ప. మెడకు, ఒక ముందు రెక్కకు తెగిన నైలాను వల బిగిసి ఉంది. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. చుట్టూ జనం మూగారు. "చచ్చిపోయిందండీ" అన్నారొకరు. ఇంకొకరు దాని వీపుమీద తమ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఫొటో తీసుకొన్నారు. అంతలో మంచి మనసున్న ఒక పెద్దాయన, "పాపం, నీళ్ళ కోసం అల్లాడుతోంది. పట్టండి, సముద్రంలోకి తోసేద్దాం" అన్నారు. నలుగురు రెక్కలు పట్టుకొని ఈడ్చి అలలోకి నెట్టారు. అల దాన్ని లోపలికి తీసుకొనిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మీ పిల్లలు సంతోషంగా ఇంటికి వచ్చారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ ఉదయం ఆ ఒడ్డున ఒక మంచిపని జరిగిందా?

జరగలేదనే చెప్పాలి. ఆ తాబేలు మరి కొన్ని గంటలలో, మన కంటికి కనబడనంత దూరంలో, నీళ్ళలో మునిగి చనిపోయి ఉండవచ్చు. మంచి మనసు ఉంది, జాలి ఉంది, కష్టపడిన చేతులున్నాయి. తెలుసుకోవడం ఒక్కటే లేదు. తెలియని దయ ఎంత హాని చేయగలదో, తెలిసిన దయ ఎంత మేలు చేయగలదో ఈ వారం కుటుంబమంతా కలిసి నేర్చుకొందాం. మనకు గురువు మంచి సమరీయుడే.

సముద్రంలో ఉండి గాలి పీల్చే ప్రాణి

లోకంలో ఏడు రకాల సముద్రపు తాబేళ్ళు ఉన్నాయి. మన దేశపు నీళ్ళలో ఐదు రకాలు తిరుగుతాయి. ఆంధ్ర తీరంలో మనకు ఎక్కువగా కనబడేది ఆలివ్ రిడ్లీ. చిప్ప సుమారు రెండడుగుల పైచిలుకు పొడవు, బరువు 35 నుండి 50 కిలోల వరకు ఉంటుంది. ఒడిశాలోని గహిర్మాత, ఋషికుల్య తీరాలకు ఇవి లక్షల సంఖ్యలో వచ్చి గ్రుడ్లు పెడతాయి. మన శ్రీకాకుళం మొదలు నెల్లూరు వరకు గల తీరంలో, ముఖ్యంగా కోరంగి అడవులకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ వంటి చోట్ల, విడివిడిగా వచ్చి గ్రుడ్లు పెడతాయి. ఒక్కొక్క తల్లి ఇసుకలో గొయ్యి తీసి దాదాపు వంద గ్రుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి సముద్రంలోకి పోతుంది. 45 నుండి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. వాటిలో పెరిగి పెద్దయ్యేది వెయ్యికి ఒకటి అని ఒక అంచనా. కాబట్టి ఒడ్డున పడి ఉన్న ఒక పెద్ద తాబేలు ఎన్నో గండాలు గడిచి వచ్చిన ప్రాణి. అది తల్లి అయితే, రాబోయే ఎన్నో ఏండ్ల సంతానం దానితో ముడిపడి ఉంది.

మన శ్రీకూర్మంలో హిందూ సోదరులు భగవంతుణ్ణి కూర్మరూపంలో కొలుస్తారు. తీరంలోని బెస్తవారు అనేకులు తాబేలు వలలో పడితే నమస్కరించి విడిచిపెడతారు. మన విశ్వాసం వేరైనా, ప్రాణిపట్ల ఆ భయభక్తులు మనం గౌరవించవలసినవే.

అన్నిటికంటె ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. చేపకున్నట్టు తాబేలుకు మొప్పలు లేవు. దానికి మనలాగే ఊపిరితిత్తులున్నాయి. నెమ్మదిగా ఉన్నప్పుడు అది చాలాసేపు నీటి అడుగున ఊపిరి బిగబట్టగలదు. వలలో చిక్కి పెనుగులాడేటప్పుడు మాత్రం ఆ ఊపిరి త్వరగా ఖర్చయిపోతుంది. మరబోటు తన ట్రాల్ వలను గంటల తరబడి లాగుతుంది. ఆ వలలో పడిన తాబేలు పైకి రాలేక, సముద్రంలోనే పుట్టి పెరిగిన ప్రాణి సముద్రంలోనే మునిగి చనిపోతుంది. 2025 జనవరిలో చెన్నై, చెంగల్పట్టు తీరాలకు వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లీల కళేబరాలు కొట్టుకొని వచ్చాయి. అదే కాలంలో మన కాకినాడ తీరంలో చనిపోయిన తాబేళ్ళపై దర్యాప్తు చేయవలసిందిగా రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది.

మరి బతికి ఒడ్డుకు చేరిన తాబేలు సంగతి? అది రోగి అనే అనుకోవాలి. వలతాడు కోసి ఉండవచ్చు, గాలం మింగి ఉండవచ్చు, బోటు పంకా దెబ్బ తగిలి ఉండవచ్చు, ప్లాస్టిక్ సంచిని జెల్లీచేప అనుకొని తిని ఉండవచ్చు. ఊపిరితిత్తులలో నీరు చేరి ఉండవచ్చు. ఈదగలిగిన తాబేలు పగటివేళ మన కాళ్ళదగ్గర కదలకుండా పడి ఉండదు. ఈదలేక వచ్చినదాన్ని తిరిగి నీళ్ళలోకి నెట్టడం, కాళ్ళు విరిగి గట్టు చేరుకొన్న మనిషిని మరల ఏట్లోకి తోయడం వంటిది.

ఒక మినహాయింపు ఉంది. రాత్రివేళ తనంతట తాను ఇసుకమీదికి పాకి వచ్చి గొయ్యి తవ్వుతున్న తాబేలు రోగి కాదు, తల్లి. దాని పని ముగించుకొని సుమారు గంటలో తిరిగి వెళ్ళిపోతుంది. దాని దగ్గర టార్చిలైటు వేయకండి, మాట్లాడకండి, దూరంగా నిలబడండి. గూటిలోని తల్లిపక్షిని గ్రుడ్లతోపాటు పట్టుకొనరాదని ధర్మశాస్త్రం ఆనాడే ఇశ్రాయేలు ప్రజలకు ఆజ్ఞాపించింది (ద్వితీయోపదేశకాండము 22:6–7). ఆ ఆజ్ఞలోని జాలి మన ఇసుకతిన్నెలకు కూడా వర్తిస్తుంది.

సమరీయుడు చేసిన ఐదు పనులు

యెరూషలేమునుండి యెరికోకు పోయే దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషి కథ మనకు కంఠతా వచ్చు. యాజకుడు చూచి తప్పుకొని పోయాడు. లేవీయుడూ అంతే. సమరీయుడు ఆగాడు. ప్రభువు ఈ కథ చెప్పింది పొరుగువాడెవరో మనకు నేర్పడానికి. తాబేలును మనిషితో సమానం చేయడానికి మనం దీనిని చదవడంలేదు, శ్రీసభ అలా బోధించదు. ఐతే దయ ఎలా పని చేస్తుందో ఇంత వివరంగా చెప్పిన కథ మరొకటి లేదు. ఆ వరుసలోనే చూద్దాం.

మొదటిది: ఆగి చూచాడు. మీరు కూడా ముందు ఆగి చూడండి. జనాన్ని పది అడుగులు వెనుకకు జరపండి. కుక్కలను తోలండి. ఫొటోలు మాన్పించండి. తాబేలు ఊపిరి తీస్తున్నదా? అది చాలాసేపటికి ఒకసారి మాత్రమే తల ఎత్తి గాలి పీల్చుకొంటుంది కనుక తొందరపడి చనిపోయిందని అనుకోకండి. కంటి రెప్ప దగ్గర మెల్లగా తాకితే, తోకను కొంచెం నొక్కితే కదలిక కనిపించవచ్చు. కదలిక లేకపోయినా చనిపోయిందని మీరు తీర్మానించవద్దు. మునిగిన తాబేలు స్పృహ తప్పి శవంలా పడి ఉండి, గంటల తరువాత తేరుకొన్న సందర్భాలున్నాయి.

రెండవది: దగ్గరకు వెళ్ళాడు. సమరీయుడు దూరంనుండి జాలిపడలేదు. దగ్గరకు వెళ్ళేముందు మీరు ఒక పని చేయాలి. అటవీశాఖ వారికి కబురు పెట్టాలి. వారి నంబరు తెలియకపోతే పోలీసువారికో పశువైద్యునికో చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సముద్రపు తాబేలుకు మొదటి షెడ్యూలులో చోటిచ్చింది. దానిని చంపడం, గ్రుడ్లు తీయడం, ఇంటికి తీసుకొనిపోవడం నేరాలు. "నాలుగు రోజులు మా చెరువులో ఉంచి సాకుతాం" అనడం కూడా తప్పే. చట్టం సంగతి అలా ఉంచినా, మంచినీటి చెరువు దానికి ఇల్లు కాదు.

మూడవది: గాయాలు కట్టాడు. ఇక్కడే మన చేతుల పని ఉంది. దానికంటె ఎక్కువగా చేయకూడని పనులున్నాయి.

తాబేలును వెల్లకిలా తిప్పకండి. రెక్కలు పట్టి ఎత్తకండి, ఈడ్వకండి. ఎత్తవలసివస్తే ఇద్దరు ముగ్గురు కలిసి చిప్ప అంచులు పట్టుకోండి. నోటిదగ్గర చేయి పెట్టకండి, దాని దవడ గట్టిది. నీళ్ళు పట్టించకండి, తిండి పెట్టకండి. తొట్టిలో నీళ్ళు పోసి అందులో వేయకండి. తల ఎత్తే ఓపిక లేని తాబేలు బెత్తెడు నీళ్ళలో కూడా మునిగిపోతుంది. ఎండ ఉంటే గొడుగో గోనెపట్టానో నీడగా కట్టండి. చిప్పమీద తడిగుడ్డ కప్పండి, ముక్కు రంధ్రాలకు అడ్డం రానివ్వకండి.

చుట్టూ వదులుగా ఉన్న వలను కత్తెరతో కోసి తీయవచ్చు. మాంసంలో కోసుకుపోయిన తాడును లాగకండి. నోటినుండి గాని వెనుకనుండి గాని వేలాడే గాలపు దారం కనిపిస్తే అసలే లాగకండి. లోపల ప్రేగులను ఆ దారం కోసివేస్తుంది. చిప్పకు అంటుకున్న గుల్లలను గీకకండి. ఇవన్నీ వైద్యులు చేయవలసినవి.

నడిసముద్రంలో వలలో స్పృహ తప్పిన తాబేలు దొరికితే మన మత్స్యకార సోదరులు చేయగలిగింది చాలా ఉంది. దానిని పొట్ట క్రిందికి ఉండేలా బోటుమీద పడుకోబెట్టి, వెనుక భాగం కనీసం ఆరంగుళాలు ఎత్తుగా ఉండేలా క్రింద టైరో మూటో పెట్టాలి. ఊపిరితిత్తులలోని నీరు దిగడానికి ఇది సహాయపడుతుంది. మధ్యమధ్య ఒక ప్రక్క అంచును కొంచెం ఎత్తి దించి, తరువాత రెండవ ప్రక్క ఎత్తి దించాలి. నీడలో తడిగుడ్డ కప్పి ఉంచాలి. కనీసం 4 గంటలు, తేరుకోకపోతే 24 గంటల వరకు ఓపిక పట్టాలి. చురుకుగా కదిలి తల ఎత్తుతుంటే, ఇంజను ఆపి, వల లేనిచోట, నీటికి దగ్గరగా మెల్లగా జారవిడవాలి. చనిపోయిందనుకొని వెంటనే విసిరివేసిన తాబేలు, ఆ విసరడం వల్లనే చనిపోతుంది.

నాలుగవది: సత్రానికి తీసుకొనివెళ్ళాడు. సమరీయుడు కట్టు కట్టి "నా పని అయిపోయింది" అనలేదు. తన వాహనంమీద ఎక్కించుకొని, చూచుకోగలవారి దగ్గరకు తీసుకొనివెళ్ళాడు. తాబేలుకు కూడా సత్రం కావాలి. ఎందుకంటె పైకి కనబడే గాయం వేరు, లోపలిది వేరు. స్పెయిన్ దేశంలోని వాలెన్సియాలో వైద్యులు వలలలో చిక్కి సజీవంగా దొరికిన తాబేళ్ళను పరీక్షించి 2014లో ఒక విషయం లోకానికి చెప్పారు. లోతునుండి వేగంగా పైకి లాగబడినవాటిలో కొన్నింటికి రక్తంలో గాలిబుడగలు ఏర్పడుతున్నాయి. లోతులో పనిచేసే గజ ఈతగాళ్ళకు వచ్చే జబ్బు వంటిదే అది. చురుకుగా కనిపించిన తాబేలు కూడా కొన్ని గంటల తరువాత దానితో చనిపోవచ్చు. పీడనం పెంచే ప్రత్యేకమైన గదిలో ఉంచితే కొన్ని కోలుకొన్నాయి. ఒడ్డున చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేవారికి ఇది ఎలా తెలుస్తుంది?

ఇటువంటి సత్రాలు లోకంలో ఉన్నాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు మారథాన్ అనే ఊళ్ళో రిచీ మొరెటి అనే ఆయనకు ఒక మోటెల్, అంటే ప్రయాణికుల బస ఉండేది. ఆ బస మీద వచ్చిన రాబడితో ఆయన 1986లో తాబేళ్ళ ఆసుపత్రి తెరిచారు. నిజంగా సత్రం సొమ్ముతోనే నడిచిన సేవ! మాల్దీవులలో ఆలివ్ రిడ్లీ పేరుతోనే 2013లో ఒక సంస్థ పుట్టి, 2017లో అక్కడ చికిత్సా కేంద్రం నెలకొల్పింది. మన దేశంలో మహారాష్ట్రలోని డహాణూలో అటవీశాఖ, స్వచ్ఛంద సేవకులు కలిసి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ళకు చికిత్స చేస్తున్నారు.

అక్కడ ఏం చేస్తారు? ముందు బరువు తూస్తారు, రక్తం పరీక్షిస్తారు, మింగిన గాలం ఉందేమో ఎక్స్‌రే తీస్తారు. నీరసించిన ప్రాణికి సెలైను, మందులు ఇస్తారు. పగిలిన చిప్పను శుభ్రపరచి అతుకుతారు. మానని పుండ్లకు తేనె పట్టువేస్తారు. సువార్తలోని నూనె, ద్రాక్షారసం గుర్తుకు రావడంలేదా? కుళ్ళిపోయిన రెక్కను తీసివేయవలసి వస్తుంది. మూడు రెక్కలతో ఈదడం నేర్చుకొని సముద్రానికి తిరిగి వెళ్ళిన తాబేళ్ళు ఉన్నాయి. లోపల గాలి చేరి మునగలేక నీటిపై తేలిపోయే తాబేలును నెలల తరబడి చూచుకోవాలి. తనంతట తాను తిని, మునిగి అడుగున విశ్రాంతి తీసుకొని, బరువు పుంజుకొన్న తరువాతనే దానిని విడిచిపెడతారు. కొన్నిటికి వారాలు, కొన్నిటికి ఏడాదికి పైగా పడుతుంది. కొన్ని ఎంత చేసినా బతకవు. సేవ చేసేవారికి ఆ బాధ కూడా తెలుసు.

ఐదవది: తిరిగి వస్తానన్నాడు. రెండు దీనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని సత్రపువానితో మాటపెట్టుకొన్నాడు. తోసేసినవాడు ఒక్క నిమిషం దయచూపాడు. సమరీయుడు దానికి రేపటిని కూడా చేర్చాడు. అప్పగించిన తాబేలు ఏమైందో మరునాడు ఫోను చేసి అడగండి. మీ పిల్లలచేత అడిగించండి. దయకు జ్ఞాపకశక్తి ఉండాలని వారు ఆ ఫోనుతో నేర్చుకొంటారు.

"మనుషులు ఆకలితో ఉండగా తాబేళ్ళా?"

ఈ ప్రశ్న మీలో కొందరికి ఇప్పటికే వచ్చి ఉంటుంది. అది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మందులు కొనలేని ముసలివారు మన విచారణలో ఉండగా, ఒక తాబేలుకు ఎక్స్‌రే తీయడం న్యాయమా?

శ్రీసభ సత్యోపదేశం ఈ విషయంలో రెండు మాటలు చెబుతుంది. ఒకటి: జంతువులు దేవుని సృష్టి, వాటిపట్ల కరుణ చూపడం మన బాధ్యత, వాటిని నిష్కారణంగా హింసించడం మానవ గౌరవానికే తగనిది. రెండు: మానవుల బాధలు తీర్చడానికి ముందుగా వెచ్చించవలసిన ధనాన్ని జంతువులమీద గుమ్మరించడం కూడా తగదు (2416–2418 అంశాలు). కాబట్టి పేదవాని నోటికాడి కూడు తీసి తాబేలుకు పెట్టమని ఎవరూ అనడంలేదు.

కాని ప్రియ పాఠకులారా, మనం నిజాయితీగా అడుగుకొందాం. ఒడ్డున పడిన తాబేలు మననుండి అడిగేది ఎంత? ఒక ఫోను, ఒక గొడుగు, ఒక తడిగుడ్డ, రెండు గంటల ఓపిక. అవి ఇవ్వకుండా దాచుకొన్నవారు, ఆ రెండు గంటలు పేదవారికి ఇచ్చారా? చిన్నదానిపట్ల కనికరం నేర్చుకొన్న బిడ్డ పెద్దదానిపట్ల కఠినుడు కావడం అరుదు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకొంటాడని సామెతల గ్రంథం చెబుతుంది (12:10). విశ్రాంతి దినాన బావిలో పడిన ఎద్దును పైకి తీయనివాడు మీలో ఎవడని ప్రభువే అడిగారు (లూకా 14:5).

రెండవ జాన్ పాల్ పాపుగారు 1979లో అస్సీసి ఫ్రాన్సిస్ గారిని పర్యావరణానికి పాలక పునీతునిగా ప్రకటించారు. 2015లో దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు "లౌదాతో సీ" విశ్వలేఖలో, పేదల మొర, భూమి మొర వేరువేరు కావని బోధించారు. ఆ మరుసటి సంవత్సరం 2016 సెప్టెంబరు 1న, సృష్టి సంరక్షణను కరుణ కార్యాలలో చేర్చారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, రోగులను దర్శించడం ఎటువంటివో, సృష్టిని కాపాడడం కూడా అటువంటిదని అర్థం.

దారిని కూడా భద్రం చేయాలి

మరొక మాట. సమరీయుడు ఒక గాయపడిన మనిషిని కాపాడాడు. ఆ దారిలో దొంగలు అలాగే ఉంటే మరునాడు మరొకడు పడిపోతాడు. ఎంత గొప్ప ఆసుపత్రి అయినా, వలలలో చనిపోయే తాబేళ్ళలో కొన్నింటినే కాపాడగలదు. కనుక దారిని గూర్చి కూడా ఆలోచించాలి.

ఇక్కడ బెస్తవారిని దొంగల స్థానంలో నిలబెట్టడం ఘోరమైన అన్యాయం. ప్రభువు తన మొదటి శిష్యులను పిలిచింది పడవలదగ్గరనే, వలలు బాగుచేసికొంటున్నప్పుడే. మన తీర విచారణల పొయ్యి వెలిగేది వలమీదనే. ఏ జాలరీ తాబేలు కోసం వల వేయడు. తాబేలు పడితే వల చిరుగుతుంది, పట్టు పాడవుతుంది, నష్టం అతనిదే. తీరానికి దగ్గరి నీళ్ళను చిన్న పడవలవారికి విడిచి పెద్ద మరబోట్లు దూరంగా వేటాడాలని రాష్ట్రంలో 1994 నాటి చట్టం ఉంది. ఆ హద్దు మీరి పెద్ద బోట్లు ఒడ్డుకు వచ్చినప్పుడు తెప్పమీది పేద జాలరీ నష్టపోతాడు, గ్రుడ్లు పెట్టడానికి ఒడ్డుదాపున చేరిన తాబేలూ చనిపోతుంది. ఇద్దరి మొర ఒక్కటే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేటనిషేధం ఉంది. తాబేళ్ళు ఎక్కువగా వచ్చేది అంతకుముందే, జనవరి నుండి మార్చి వరకు. అందుచేత ఆ నెలలలో హద్దును గౌరవించడం మరీ అవసరం.

ట్రాల్ వలకు ఒక ఉపాయం కూడా ఉంది. వల మెడలో ఏటవాలుగా ఒక కడ్డీల చట్రం బిగిస్తారు. రొయ్యలు కడ్డీల సందులలోంచి లోపలికి పోతాయి. తాబేలు కడ్డీలకు తగిలి, ప్రక్కనున్న తలుపువంటి చీలికలోంచి బయటపడుతుంది. ఈ చట్రానికి మూలరూపం కనిపెట్టింది శాస్త్రవేత్త కాదు, అమెరికాలో జార్జియా తీరపు రొయ్యల వేటగాడు సింకీ బూన్. జెల్లీచేపలు వల నింపకుండా ఆయన దానిని తయారుచేసుకొన్నారు. తాబేళ్ళకు అది ప్రాణదానమైంది. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన చట్రాన్ని రూపొందించింది. దీనివలన పట్టులో కొంత జారిపోతుందని బోటువారు భయపడతారు. ఆ నష్టాన్ని ఒంటరిగా వారిమీదనే వేయకుండా ప్రభుత్వం, రొయ్యలు కొనే వ్యాపారులు, తినే మనం కూడా పంచుకోవడం న్యాయం.

తెగిన వలను సముద్రంలో పడవేయకుండా ఒడ్డుకు తెచ్చుకోవడం మరొక పెద్ద మేలు. మాల్దీవులవారు ట్యూనా చేపను ఎక్కువగా గాలపు కర్రతో పడతారు. అయినా వారి దీవులకు వలలు చుట్టుకొన్న తాబేళ్ళు కొట్టుకొని వస్తున్నాయి. ఆ వలలు వేరే దేశాల నీళ్ళలోనుండి ప్రవాహంలో వచ్చినవి. మనం ఇక్కడ పడవేసినది ఎక్కడో ఒక ప్రాణి మెడకు ఉరి అవుతుంది. "నా పొరుగువాడెవరు?" అన్న ప్రశ్నకు సముద్రం చాలా విశాలమైన జవాబు చెబుతున్నది.

మన విచారణలలో చేయదగినవి

1. అటవీశాఖ, పశువైద్యుని ఫోను నంబర్లు సేకరించి దేవాలయపు నోటీసు బోర్డుమీద వ్రాయించండి. యువజన సంఘంవారు ఈ పని ఒక వారంలో చేయగలరు.

2. ఒడ్డున దేవాలయంగాని, మరియమాత గుహగాని ఉంటే, జనవరి నుండి మే వరకు రాత్రివేళ సముద్రంవైపు పడే పెద్ద దీపాలను ఆర్పండి, లేదా మరుగు కట్టండి. గ్రుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఉన్నవైపే సముద్రమనుకొని పాకి, దారితప్పి చనిపోతాయి. దేవమాత ముందు ఒక చిన్న దీపం చాలు.

3. చనిపోయిన తాబేలు కనిపించినా కబురు చేయండి. ఎందుకు చనిపోయిందో తెలిస్తేనే మరొకటి బతుకుతుంది.

4. జ్ఞానోపదేశ తరగతిలో ఉపదేశిగాని మఠకన్యలుగాని పిల్లలచేత ఈ ఐదు పనులను వరుసగా చెప్పించండి. ఒక దిండును తాబేలుగా పెట్టి, ఎలా ఎత్తాలో, ఎలా నీడపట్టాలో చేయించి చూపండి. చేతులతో నేర్చినది మరచిపోరు.

కుటుంబంలో మాట్లాడుకోండి

మనం చేసిన ఏ సహాయమైనా, తెలియక, ఎదుటివారికి హాని చేసిందా? సహాయం చేసే ముందు వారిని అడిగామా? మన ఇంట్లో, మన వీధిలో "తోసేసి" వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? పది రూపాయలిచ్చి పంపేసిన బంధువు, ఒక్కసారి చూచివచ్చి మళ్ళీ తలచుకోని రోగి? వారిదగ్గరకు తిరిగి వెళ్ళడానికి ఈ వారం ఒక రోజు నిర్ణయించుకోండి.

ప్రార్థన చేద్దాం

సముద్రాన్ని, అందులోని సమస్త ప్రాణులను చేసిన తండ్రీ, మాకు జాలిని ఇచ్చినందుకు నీకు వందనాలు. ఆ జాలికి వివేకాన్ని, ఓపికను కూడా దయచేయుము. వలలు వేసే మా సోదరులను గాలివానలనుండి కాపాడుము, వారి కష్టానికి తగిన ఫలమిమ్ము. ఒడ్డున పడినవారిని చూచి తప్పుకొని పోకుండా, తొందరపడి తోసేయకుండా, సత్రందాకా తోడుండే మనసును మా కుటుంబానికి అనుగ్రహింపుము. మా ప్రభువైన క్రీస్తు ద్వారా అడుగుకొంటున్నాము. ఆమెన్.